మధ్యాహ్నం భోజనం వేళ

మా ఇంట్లో సరిగ్గా దీపం పెట్టే వేళకి మావాడు గిటారు తీస్తాడు. మామూలు గిటారు కాదు, కరెంటు గిటారు. దాని పక్కన ట్రంకు పెట్టెంత స్పీకరు. అది మొదలెట్టిందంటే వంటింటి గూట్లో గ్లాసులు కూడా తాళం వేస్తాయి. మావారు పేపరు మడిచి, చెప్పులు వేసుకుని పార్కుకి వెళ్ళిపోతారు. ఆయనకి పార్కుంది. నాకు పొయ్యి మీద పులుసుంది. ఎక్కడికి పోను?

"ఏమిట్రా ఈ దడదడ? రేకుల షెడ్డు మీద రాళ్ళు కుమ్మరించినట్టుంది!" అన్నానొకరోజు ఉండబట్టలేక.

వాడికి కోపం రాలేదు. "సరిగ్గా చెప్పావమ్మా! ఈ బాణీ కట్టినాయన రేకుల ఫ్యాక్టరీలోంచే వచ్చాడు" అని నవ్వాడు.

పులుసు దించేసి, చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాను. వాడు చెప్పింది విన్నాను. ఆపైన నేనూ నాలుగుచోట్ల చదివి తెలుసుకున్నాను.

ఆయన పేరు టోనీ అయోమీ. 1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఒక్కగానొక్క కొడుకు. తల్లిదండ్రులు చిన్న కొట్టు నడుపుకునేవారు. పిల్లవాడికి డ్రమ్ములు వాయించాలని సరదా. ఇంట్లో ఆ మోత భరించడం ఎవరితరం? అందుకని అకార్డియన్ చేతికిచ్చారట. హార్మోనియాన్ని ఛాతీకి కట్టుకున్నట్టుంటుందే, ఆ వాయిద్యం. ఆ పెద్దవాళ్ళకున్న ముందుచూపు నాకు లేకపోయింది!

అయినా పిల్లవాడి మనసు గిటారు మీదికే పోయింది. పైగా ఎడమచేతి వాటం. దానికి తగ్గ గిటారు ఎక్కడపడితే అక్కడ దొరకదు. తల్లి వాయిదాల మీద కొనిచ్చింది. వాయిదాలంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా?

పదిహేడో ఏట ఒక బృందంతో జర్మనీ వెళ్ళి వాయించే అవకాశం వచ్చింది. రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు పనికి స్వస్తి చెప్పేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక వెళ్ళనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. వెళ్ళి పని సక్రమంగా పూర్తి చేసి రమ్మంది.

మీరైతే ఏమనేవారు? నేనైతే అదే అనేదాన్ని. అనేదాన్నేమిటి, అన్నాను కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ రోజు ప్రెస్సు మెషిను మీద పనిచేసే మనిషి రాలేదు. ఆ చోట్లో ఇతన్ని పెట్టారు. అలవాటు లేని మెషిను కుడిచేతి మీద పడింది. గబుక్కున చెయ్యి లాక్కున్నాడు. మధ్యవేలి కొన, ఉంగరపు వేలి కొన తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాళ్ళకి గిటారు తీగలు నొక్కేది కుడిచెయ్యే. ఇక గిటారు మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు.

ఇక్కడికి వచ్చేసరికి నా నోట మాట రాలేదు. మావాడి పదమూడో ఏట ఒక సాయంత్రం, వాన పడుతుంటే, "అమ్మా, ఇవాళ ట్యూషను మానేస్తానే" అన్నాడు. "చినుకులకే మానేస్తే ఎలాగరా, వెళ్ళు" అన్నాను. సైకిలు జారింది. మోచెయ్యి విరిగింది. ఎన్ని కట్లు కట్టించినా ఆ కుడిచెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయాడు. అప్పటికి వాడు స్కూలు టీములో బౌలరు. బంతులన్నీ సంచిలో మూటగట్టి తనే అటకెక్కించాడు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మళ్ళీ టోనీ దగ్గరికి వద్దాం. దిగులుపడి కూర్చున్నవాణ్ణి చూడ్డానికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక గ్రామఫోను రికార్డు పట్టుకొచ్చాడు. వినాలని లేదన్నా వినిపించాడు. ఆ వాయిస్తున్నది జాంగో రైన్‌హార్ట్. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్ళతోనే అంత గొప్పగా వాయించాడాయన.

టోనీ లేచి కూర్చున్నాడు. ఏం చేశాడంటారు? అంట్లు తోముకునే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి, ముద్దచేసి, వేడి కడ్డీతో తొలిచి, వేలికొనలకి టోపీలు చేసుకున్నాడు. పాత కోటు తోలు కత్తిరించి వాటికి అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నటి బాంజో తీగలు బిగించాడు. తర్వాత 1971 నాటి ఆల్బంలో తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు. అలా పుట్టిందే మా గ్లాసులతో తాళం వేయించే ఆ బరువైన నాదం. దాన్నే హెవీ మెటల్ అంటున్నారు.

1968లో తన పేట కుర్రాళ్ళు ముగ్గురితో కలిసి కట్టిన బృందానికే తర్వాత బ్లాక్ సాబత్ అని పేరొచ్చింది. మొదటి ఆల్బం ఒక్కరోజులో రికార్డు చేసి 1970 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఆ ఏడాదే రెండో ఆల్బంకి ఒక పాట తక్కువైతే, మిగతావాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు టోనీ నిమిషాల్లో బాణీ కట్టేశాడు. అదే 'పారనాయిడ్'. ఇంట్లో ఉన్న రెండు వంకాయలతో కూర చేస్తే అదే అందరికీ నచ్చినట్టు, బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది.

గాయకులు మారారు, డ్రమ్ములవాళ్ళు మారారు, మొదటినుంచి చివరిదాకా నిలిచింది ఈయనొక్కడే. 2012లో క్యాన్సరని తెలిసింది. చికిత్స చేయించుకుంటూనే వాయించిన ఆల్బం 2013లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. 2025 జూలై 5న తొలినాటి నలుగురూ తాము పెరిగిన ఆస్టన్ పేటలోనే ఆఖరిసారి కలిసి వాయించారు. పదిహేడు రోజులకి వాళ్ళ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కన్నుమూశాడు.

అంతా విని, "ఆ సాయంత్రం ఆ తల్లి ప్రాణం ఎలా కొట్టుకుందో కదరా" అన్నాను.

మావాడు నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ నేను దాచుకున్నది వాడికి తెలియనిదేం కాదని అప్పుడర్థమైంది.

"గిటారుకి చెయ్యి చాపక్కర్లేదమ్మా. మోచెయ్యి వంచే ఉంచాలి" అన్నాడు.

అంతే అన్నాడు. నేను పులుసు మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కాసేపు అటు తిరిగి నుంచున్నాను.

ఇప్పుడూ సాయంత్రం అవగానే మావారు పార్కుకి వెళుతున్నారు. నేను మాత్రం దీపం పెట్టాక, గూట్లో గ్లాసుల్ని ఒకదానికొకటి తగలకుండా దూరదూరంగా సర్దుతున్నాను.