తినేటప్పుడు నావి, పడుకునేటప్పుడు దానివి

మా మనవరాలికి ముందు పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చేసరికి పైపన్ను ఒకటి దారి తప్పింది. నోరు మూస్తే అది కింది పన్నుకి వెనక్కి పడేది. ఆ తాకిడికి కింది పన్ను బయటికి జరిగి, అక్కడి చిగురు కిందికి దిగుతోంది. "పెద్దయ్యాక చూద్దాంలే" అన్నాడు అల్లుడు. కూకట్‌పల్లిలో డాక్టరమ్మ మాత్రం అద్దంలో ఆ చిగురు చూపించి, "మిగతా వంకరలు ఆగుతాయండీ, ఇదొక్కటీ ఆగదు" అంది.

స్ప్రింగు ప్లేటుతోనూ సరిచేయొచ్చని, అది చవకని కూడా ఆవిడే చెప్పింది. నన్నడిగితే అదే చాలనేదాన్ని. ఎవరూ అడగలేదు. మా అమ్మాయికి అలైనర్లు నచ్చాయి, అంటే పళ్ళకి తొడిగి తీసే పారదర్శకమైన ట్రేలు. ఇన్విజలైన్ వాళ్ళు 2018లోనే ఆరు నుంచి పదేళ్ళ పిల్లల కోసం వేరే రకం తెచ్చారట.

నా పళ్ళసెట్టుకి కొలత తీసినప్పుడు నోట్లో ముద్ద కుక్కారు. అది గట్టిపడేదాకా వాంతి ఆపుకోవడమే నా పని. మనవరాలికి మాత్రం చిన్న కెమెరా నోట్లో అటూ ఇటూ తిప్పితే పళ్ళన్నీ తెరమీదికి వచ్చేశాయి. పాలపళ్ళు పొట్టివి, ట్రేకి పట్టు దొరకదని కొన్నిటికి పంటిరంగు బొడిపెలు అతికించారు. వారం తిరక్కుండానే వాటిని నాలుకతో తడమడం దానికి అలవాటైపోయింది.

ఆ బొడిపెలు అతికించిన రోజే డాక్టరమ్మ అసలు ప్రశ్న వేసింది. "రోజుకి ఇరవై రెండు గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడే తీయాలి. మధ్యాహ్నం బళ్ళో ఎవరు చూసుకుంటారు?" అమ్మాయీ అల్లుడూ నావైపు చూశారు, నేనేదో మూడో తరగతిలో కూర్చుంటానన్నట్టు!

బళ్ళో తినేటప్పుడు మనవరాలు ట్రే తీసి టిష్యూలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టేది. ఒకరోజు ఆ టిష్యూ ఎంగిలి బకెట్లోకి పోయింది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఫోన్ చేస్తే, "తరవాతిది సరిగ్గా కూర్చుంటే అదే పెట్టండి, లేకపోతే పాతది పెట్టి రండి" అంది డాక్టరమ్మ. మర్నాటి నుంచి ట్రేల డబ్బాని తాడుతో లంచ్ బ్యాగుకి కట్టేశాను.

ఇంట్లో మా ఇద్దరి లెక్కా తలకిందులు. తినడానికి నేను పళ్ళు పెట్టుకుంటే అది తీసేది. పడుకోబోయే ముందు నేను తీసి గ్లాసులో వేస్తే అది పెట్టుకునేది. "అమ్మమ్మా, నువ్వూ నేనూ వంతులేసుకుంటున్నాం" అనేది.

మధ్యలో కింది కోర పాలపన్ను ఊడింది. ట్రే వదులవుతుందేమోనని మేం కంగారుపడితే, కొత్త పన్ను రావడానికి అందులో ముందే చోటు వదిలారట. ఊడిన పన్నుని పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరాలన్నాను. అపార్ట్‌మెంటులో పేడెక్కడిది? డాబా మీదికెక్కి నీళ్ళ ట్యాంకు పైకి విసిరింది.

వెనక్కి పడే పన్ను ముందుకొచ్చింది. చిగురు ఇంక దిగలేదు. ఇప్పుడు రాత్రిపూట మాత్రం, ఆ పన్ను జరక్కుండా రిటైనర్ పెట్టుకుంటోంది. పైన కోరపళ్ళు రావడానికి పదకొండో పన్నెండో ఏడు రావాలని, అప్పుడు చోటు చాలకపోతే తీగల క్లిప్పులు తప్పకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ ఖర్చా అన్నట్టు అల్లుడు మొహం పెట్టాడు. మనవరాలికి మాత్రం వేరే అనుమానం. "అప్పుడు రంగు రబ్బర్లు వేస్తారా?" అనడిగింది.