కొత్త మోకాలు వంగాలంటే

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవారు డాక్టరు కనపడగానే అడిగే ప్రశ్న ఒకటే: "ఈ నొప్పి ఎప్పుడు పోతుందండీ?" నొప్పి ఉండగానే కాలు ఎలా కదపాలో అడిగేవారు తక్కువ. అది తెలుసుకున్నవారు త్వరగా కోలుకుంటారు.

ప్రధాని వాజ్‌పేయిగారు 2000లో ఒక మోకాలికి, 2001లో రెండవ మోకాలికి ముంబాయిలో ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు దేశమంతా దీన్ని గురించి చెప్పుకున్నది. అరిగిపోయిన ఎముకల చివరలు తీసివేసి, పైనా కిందా లోహపు భాగాలు, వాటి మధ్య ప్లాస్టిక్ పలక అమర్చుతారు. అంతటితో సర్జన్‌గారి పని చాలావరకు పూర్తి అయినట్లే. ఆ కీలును వంచడం మాత్రం, ప్రధానమంత్రి అయినా బడిపంతులుగారైనా, ఎవరిది వారే చేసుకోవాలి. గాయం మానేటప్పుడు కీలు చుట్టూ గట్టి పొరలు ఏర్పడతాయి. కాలు కదపకపోతే అవి బిగుసుకుపోతాయి. అందుకే మొదటి ఆరు వారాలూ చాలా విలువైనవి.

మా అక్కయ్య సంగతే చెబుతాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడవ వారంలో నేను చూడబోయేసరికి మోకాలి కింద మెత్తటి దిండు! కోడలు ప్రేమతో పెట్టింది. నొప్పి మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. "మాత్రలు అలవాటైపోతాయటరా తమ్ముడూ, ఓర్చుకుంటున్నాను" అన్నది. ఓర్చుకోవడం నిజమే కాని, నొప్పికి జడిసి వ్యాయామం మానేసింది. కుర్చీలో కూర్చుంటే పాదం వెనక్కు రాదు. పడుకుంటే కాలు పూర్తిగా చాపలేదు. మరికొన్నాళ్లు అలాగే వదిలేస్తే, మళ్లీ మత్తుమందు ఇచ్చి మోకాలు వంచవలసి వచ్చేది.

మోకాలి కింది దిండు తీయించి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టించాను. సర్జన్‌గారు రాసిన మాత్రనే వ్యాయామానికి అరగంట ముందు వేసుకోమన్నాను. మొదటి రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. నన్ను నాలుగు తిట్లు కూడా తిట్టింది. రెండు నెలలు తిరిగేసరికి తనంతట తాను మెట్లు దిగి వీధిలోకి వచ్చింది.

వ్యాయామాలు కష్టమైనవేమీ కావు. పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. మోకాలిని పరుపుకు అదిమి, తొడ కండరం బిగించి, 5 లెక్కపెట్టి వదలాలి. మడమను పరుపుమీద జరుపుతూ మోకాలు వంచాలి. ఒక్కొక్కటి పదేసిసార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. తర్వాత తువ్వాలులో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టాలి. కాపడం, నూనె మర్దనా వద్దు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. చేతికర్ర ఎప్పుడూ రెండో వైపు చేతిలో ఉండాలి.

వ్యాయామం చేశాక వచ్చిన నొప్పి గంట రెండు గంటల్లో సర్దుకుంటే భయం లేదు. రాత్రంతా బాధిస్తే, వాపు పెరిగితే, మరునాడు కాస్త తగ్గించి చేయండి. పూర్తిగా మానవద్దు. మందుల షాపులో అడిగి వేరే నొప్పి మాత్రలు కలిపి మింగవద్దు. కొన్ని మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రక్తం పలచబడే మందు వాడుతున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పిక్కలో నొప్పి, వాపు కొత్తగా వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే సర్జన్‌గారికి చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మోకాలి దగ్గర కొద్దిపాటి వాపు, వెచ్చదనం కొన్ని నెలలపాటు ఉండటం మామూలే. ఇంట్లోవారికి ఒక మనవి: "పాపం, పెద్దవారు, పడుకోనీయండి" అనకండి. మాత్ర వేళకు అందించి, పక్కన కూర్చుని లెక్కపెడుతూ వ్యాయామం చేయించండి. ఆ వేళ వారికి అంతకుమించిన సేవ లేదు.