కిరాణా కొట్టులో ఆబ్జెక్టులు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాల్లో మొదట జంతువులొస్తాయి. యానిమల్ అని ఓ క్లాసు, దాని కింద కుక్క, పిల్లి. కుక్క భౌభౌ అంటుంది, పిల్లి మ్యావ్ అంటుంది, దాంతో మనకి పాలీమార్ఫిజం వచ్చేసినట్టే. ఉద్యోగంలో చేరాక మాత్రం ఎన్నేళ్ళు పనిచేసినా ఒక్క కుక్కా తగలదు. తగిలేవన్నీ కొనుగోళ్ళు, అమ్మకాలు, స్టాకు, బిల్లు. ఇంటర్వ్యూల్లో కూడా "ఓ కొట్టుకి క్లాసులు గీసి చూపించండి" అని అడగడం మామూలే. ఆ ప్రశ్నకి మనవాళ్ళు ఇచ్చే జవాబులు విని విని, అసలు తేడా ఎక్కడ కొడుతోందో రాయాలనిపించింది.

మామూలు జవాబు ఇలా ఉంటుంది. ప్రోడక్ట్ అని ఓ క్లాసు. అందులో పేరు, ధర, క్వాంటిటీ. సరుకొస్తే క్వాంటిటీకి కలుపు, అమ్మితే తీసెయ్యి. ఇంకాస్త ఉత్సాహవంతులైతే ప్రోడక్ట్ కింద ఫుడ్, దాని కింద రైస్, దాని కింద సోనామసూరి అంటూ వంశవృక్షం గీస్తారు. సోనామసూరికీ బాస్మతికీ ప్రవర్తనలో తేడా ఏముందండీ? రెంటినీ కాటాలో వేసి తూస్తాం, డబ్బులు తీసుకుంటాం. తేడా అంతా పేరులోనూ ధరలోనూ. అది డేటా, క్లాసు కాదు. షావుకారు కొత్త రకం బియ్యం దించినప్పుడల్లా మనం కోడు రాసి రిలీజు చెయ్యాలంటే ఇక ఆ కొట్టు నడిచినట్టే!

వంశవృక్షం గొడవ చాలామందికి తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. అంతకన్నా పెద్ద తేడా ఆ క్వాంటిటీ అనే ఒక్క ఫీల్డులో ఉంది. అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

క్లాసులూ ఆబ్జెక్టులూ పుట్టింది నార్వేలో. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు 1960ల్లో సిములా అనే భాష తయారుచేశారు. క్లాసు, సబ్‌క్లాసు సిములా 67తో వచ్చాయి. 2001 ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. పేరులోనే ఉంది చూడండి, అది సిమ్యులేషన్ కోసం పుట్టిన భాష. సిమ్యులేషన్లో క్యూలో నిలబడ్డ మనిషి అంటే ఆ ఆబ్జెక్టే. బయట ఇంకో మనిషి లేడు. ఆబ్జెక్టు ఏం చెబితే అదే నిజం.

కొట్టు అలా కాదు. నూనె ప్యాకెట్టు అరలో ఉంది. మన ప్రోగ్రాంలో ఉన్న ఆబ్జెక్టు ఆ ప్యాకెట్టు కాదు, ఆ ప్యాకెట్టు గురించి ఎవరో చెప్పిన మాట. ఎలుక బియ్యం బస్తా కొరికితే మన ఆబ్జెక్టుకి మెసేజి పంపదు కదా. కాబట్టి "స్టాకు 84" అన్నది జరిగిన విషయం కాదు, మనం తేల్చుకున్న విషయం. జరిగినవి వేరే. ఫలానా తేదీన డీలరు ఇన్ని పెట్టెలు దించాడు, ఫలానా రోజు ఇన్ని అమ్మాం, ఒకటి చిరిగిపోయింది.

ఈ సంగతి మన పాత షావుకార్లకి బాగా తెలుసు. వాళ్ళకి రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. ఏ రోజు జరిగింది ఆ రోజు వరసగా రాసేది చిట్టా. అందులోంచి పద్దుల వారీగా తీసి రాసుకునేది ఆవర్జా. ఆవర్జా పాడైనా చిట్టా ఉంటే మళ్ళీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోని అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. మనవాళ్ళు ఈవెంట్ సోర్సింగ్ అని గొప్పగా చెప్పుకునేది కూడా ఇదే.

ఇదంతా పుస్తకాల చర్చ అనుకోకండి. మా మావయ్యకి ఓ చిన్న ఊళ్ళో కిరాణా కొట్టుంది. ఎవరో కుర్రాళ్ళు రాసిన బిల్లింగు సాఫ్ట్‌వేర్ కొన్నాడు. ఓసారి స్టాకు లెక్కపెడితే లీటరు నూనె ప్యాకెట్లు పద్నాలుగు తక్కువొచ్చాయి. కంప్యూటర్లో 84, అరలో 70. కొట్లో పనిచేసే కుర్రాడు ఒక్కడే. ప్యాకెట్టు నూట యాభై చొప్పున 2,100 వాడి జీతంలో కోశాడు.

నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఈ కథంతా చెప్పి, "మనిషి అబద్ధం చెబుతాడు గానీ కంప్యూటరు చెప్పదు కదరా!" అన్నాడు.

"కంప్యూటరు ఏం చెప్పిందో సరే మావయ్యా, దానికెవరు చెప్పారు?" అన్నాను.

ప్రోగ్రాం తెరిచి చూస్తే ఏముంది, అంకె ఒక్కటే. ఎలా వచ్చిందో చెప్పే చరిత్ర లేదు. పైగా "స్టాకు సవరణ" అని ఓ స్క్రీను, ఎవరైనా వెళ్ళి ఏ అంకైనా కొట్టెయ్యొచ్చు. చివరికి ఆదుకుంది సొరుగులోని ఎర్ర అట్ట పుస్తకం. మావయ్య పాత అలవాటుకొద్దీ డీలరు సరుకు దించినప్పుడల్లా అందులో రాసుకుంటాడు. "నూనె 7 పెట్టెలు, పెట్టెకి 10" అని ఆయన చేతిరాతే. సాఫ్ట్‌వేర్లో మాత్రం పెట్టె అంటే 12 అని ఆ వస్తువుకి శాశ్వతంగా పెట్టేశారు. ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు, ఏడు పదులు డెబ్భై. పద్నాలుగు ప్యాకెట్లు అసలు కొట్లోకే రాలేదు!

మావయ్య ఆ రోజే డబ్బు తిరిగిచ్చేశాడు. కుర్రాడు తీసుకున్నాడు, పండగ వెళ్ళాక వేరే కొట్లో చేరాడు. వాణ్ణి తప్పుపట్టలేం.

ఇక క్లాసుల సంగతికొద్దాం. పెట్టెకి ఎన్ని అన్నది వస్తువు లక్షణం కాదు, ఆ కొనుగోలు లక్షణం. కాబట్టి అది కొనుగోలు వరసలో ఉండాలి. స్టాకుకి సెట్‌క్వాంటిటీ అనే మెథడ్ ఉండనే కూడదు. ఉండాల్సినవి క్రియలు: దించు, అమ్ము, వాపసు తీసుకో, పాడైందని రాయి, లెక్కపెట్టి సరిచెయ్యి. ప్రతి కదలికకీ ఎంత, ఎప్పుడు, ఎవరు, ఎందుకు, ఏ కాగితం ఆధారంగా అన్నవి ఉండాలి. క్వాంటిటీ వీటన్నిటినీ కూడితే వచ్చే జవాబు. లక్షల వరసలు ప్రతిసారీ కూడటం కష్టం అంటారా? నెలాఖరు నిల్వ తీసి పెట్టుకుని అక్కణ్ణుంచి కూడండి. షావుకార్లు చేసేదీ అదే.

ధర విషయమూ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గింది. బిల్లు వరస తన పన్నుని తను దాచుకోకుండా ప్రోడక్టుని అడిగితే, ఆగస్టు బిల్లు మళ్ళీ ప్రింటు తీసినప్పుడు 5 శాతం చూపిస్తుంది. అమ్మిన రోజు ధర, పన్ను అమ్మకంలోనే ఉండిపోవాలి.

మరి పాలీమార్ఫిజం ఎక్కడ అంటారా? ఉంది. బస్తా 1,200 చొప్పున పది, తర్వాత 1,300 చొప్పున పది కొన్నారనుకోండి. పన్నెండు అమ్మారు. ముందొచ్చింది ముందు పోయిందనుకుంటే అమ్మిన సరుకు ఖరీదు 14,600. సగటు లెక్కయితే 15,000. అవే బస్తాలు, లాభంలో 400 తేడా. మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 ఈ రెండు పద్ధతుల్నీ ఒప్పుకుంటుంది. ఇదిగో, ఇక్కడ ఇంటర్‌ఫేస్ పెట్టండి, దాని కింద రెండు క్లాసులు రాయండి. నిజంగా ప్రవర్తన మారేది ఇక్కడ, సోనామసూరి దగ్గర కాదు.

ఇంకొక్కటి. స్టాకు సున్నా ఉంటే బిల్లు కొట్టనివ్వని ప్రోగ్రాములు చూశాను. కొనేవాడు సబ్బు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు, కంప్యూటరేమో అది లేదంటుంది. సబ్బుకీ ఆబ్జెక్టుకీ తగాదా వస్తే సబ్బుదే గెలుపు. బిల్లు కొట్టనివ్వండి, స్టాకు మైనస్ ఒకటి అని చూపించండి. ఎక్కడో ఓ కొనుగోలు రాయలేదని ఆ మైనస్సే చెబుతుంది.

ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఫీల్డుని ప్రైవేటు చేసి, పక్కనే గెట్టర్, సెట్టర్ పెట్టడం అనుకుంటాం. ఎందుకో చెప్పకుండా ఎవరూ అంకె మార్చలేకపోవడమే దాని అసలు అర్థం అని నాకనిపిస్తుంది. వీలుంటే మీ ప్రాజెక్టులో సెట్‌క్వాంటిటీ, సెట్‌బ్యాలెన్స్ లాంటి మెథడ్లు ఎన్నున్నాయో ఓసారి వెతికి చూడండి. ఆ అంకె తేడా వచ్చిన రోజున ఎవరి జీతం కోస్తారో కూడా ఆలోచించండి.