హ్యాండిల్ లాక్ ఎయ్యకు

లాలాగూడలో నేను చదివిన డిగ్రీ కాలేజీకి గ్రౌండ్ లేదు. గేటు దాటగానే ఎడమ పక్కన, కాంపౌండ్ గోడకీ ల్యాబ్ గోడకీ మధ్య పొడుగ్గా కొంచెం ఖాళీ. అదే మా పార్కింగ్. మామూలుగా పెడితే 50 బళ్ళు పడతాయి. వాచ్‌మెన్ తాత 80 పట్టించేవాడు.

ఆయనది ఒకటే రూలు. "బిడ్డా, హ్యాండిల్ లాక్ ఎయ్యకు. న్యూట్రల్ల వెట్టి పో."

బండి పొడవు దాదాపు రెండు మీటర్లు. లాక్ వేసి వెళ్తే, అది బయటికి రావడానికి దాని దారి దానికి వదలాలి. లాక్ లేకపోతే ఆ దారిలోనూ ఇంకో వరస పెట్టొచ్చు. వెనకాల బండి కావాలంటే ముందున్న రెండింటిని తాత అటు జరిపి, దాన్ని తీసిచ్చి, మళ్ళీ ఇటు జరిపేవాడు. ఎవరి క్లాసులు ఎప్పుడైపోతాయో ఆయనకి నోటికొచ్చు. సాయంత్రం దాకా ఉండేవాళ్ళ బళ్ళు గోడవైపు, ఒంటిగంటకే పార్ట్‌టైమ్ ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్ళవి గేటువైపు.

అంటే ఆ ఎక్కువ 30 బళ్ళ జాగా నేలలో లేదు. మేం లాక్ వెయ్యకపోవడంలో ఉంది. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా తాతయ్య అక్కడి రైల్వే క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టరు. నిజాం రైల్వే రోజుల్లో, 1893లో పెట్టిన వర్క్‌షాపు. దాని చుట్టూ క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, చెట్ల నీడలో రోడ్లు. లాలాగూడ చాలావరకు రైల్వే పెంచిన ఊరే. తాతయ్య డ్యూటీకి సైకిల్ మీద పోయేవాడు. ఆ సైకిల్‌కి తాళమే ఉండేది కాదని ఇంట్లో ఇప్పటికీ జోకుగా చెప్పుకుంటారు. నాకు సెకండ్‌హ్యాండ్ బండి కొనిచ్చినప్పుడు మా నాన్న అన్నిటికంటే ముందు చూపించింది హ్యాండిల్ లాక్.

2017లో, సెకండియర్ చివర్లో, నా ఫ్రెండ్ బండి పోయింది. వాడు సాయంత్రాలు దానిమీదే ఫుడ్ డెలివరీ చేసేవాడు. ఇంకా ఆరు ఈఎంఐలు కట్టాలి. ఖాళీ జాగాలో నిలబడి, అటూ ఇటూ చూసి, చివరికి అక్కడే కింద కూచుండిపోయాడు. బండి లాక్ వేసి లేదు. తాత గేటు దగ్గర లేడు. మిగతాది మేమే కలుపుకున్నాం.

మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్‌కి లెటర్ తయారైంది. "విధుల్లో నిర్లక్ష్యం" అన్న మాట ఎవరు రాశారో గుర్తులేదు. నా సంతకం కూడా ఉంది.

నేను చూసిన సంగతొకటి ఆ లెటర్లో లేదు. 11 గంటలప్పుడు మా క్లాసు కిటికీలోంచి చూశాను: ఆఫీసులోంచి ఒకాయన బయటికొచ్చి తాత చేతికి ఫ్లాస్కు ఇచ్చి హోటల్‌కి పంపించాడు. ఆ ఒక్కరోజే కాదు, రోజూ అంతే. స్టాఫ్ రూమ్ టీ ఆయనే తేవాలి. ఆ పావుగంట గేటు దేవుడి మీద భారం.

ఎందుకు చెప్పలేదు? ఫ్లాస్కు పేరెత్తితే ఆఫీసు పేరెత్తినట్టే. అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు, స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ ఆ టేబుల్ మీదే కదా ఉండేది. పైగా పక్కనే ఫ్రెండ్ ఏడుస్తున్నాడు. వాడివైపు నిలబడటమంటే సంతకం పెట్టడమే అనిపించింది.

నెలాఖరుకి తాతని తీసేశారు. చివరిరోజు కూడా బళ్ళు సర్దాడు. నాది తీసిస్తూ, "కిక్కు గట్టిగైంది బిడ్డా, మెకానిక్‌కి సూపియ్" అన్నాడు. లెటర్ సంగతి ఎత్తలేదు. సంతకాలు చూశాడో లేదో కూడా తెలీదు.

తర్వాత గోడకి బోర్డు వచ్చింది: వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు. యూనిఫామ్ వేసుకున్న కొత్త సెక్యూరిటీ వచ్చాడు. టీ ఆయన కూడా తెచ్చేవాడు. అందరం లాకులు వెయ్యడం మొదలుపెట్టాం. 50 బళ్ళకి గేటు మూసేవాళ్ళు. మిగతావాళ్ళం రోడ్డు మీద పెట్టి చలాన్లు కట్టాం. ఆ నవంబర్ 29న మెట్రో మొదలైంది. మెట్టుగూడ స్టేషన్‌లో దిగి వచ్చేవాళ్ళకి కొంత నయం. క్లాసు అవగానే బండిమీద పనికెళ్ళాల్సిన వాళ్ళకి మాత్రం ఒరిగిందేం లేదు. కొందరు పార్కింగ్ దొరకాలని తొమ్మిదికి ముందే వచ్చి ఖాళీ క్లాసులో నిద్రపోయేవాళ్ళు.

ఫ్రెండ్ బండి దొరకలేదు. ఈఎంఐలు మాత్రం పూర్తిగా కట్టాడు. మొన్నామధ్య తార్నాకలో కలిసినప్పుడు, ఇన్నేళ్ళకి, ఫ్లాస్కు సంగతి వాడికి చెప్పాను. తిడతాడనుకున్నాను.

"అందరికీ తెలుసు కదరా. రోజూ చూసేవాళ్ళమే" అన్నాడు. కాసేపాగి, "నాక్కూడా తెలుసు" అన్నాడు.

చాయ్ తాగేసి లేచాం. ఇద్దరి బళ్ళూ హోటల్ ముందు పక్కపక్కనే ఉన్నాయి. వాడి బండి బయటికి రావాలంటే ముందు నాది తియ్యాలి. లాక్ వేసి ఉంది. తాళం చెవి కోసం జేబులు తడుముకుంటుంటే వాడు పక్కన నిలబడి ఆగాడు.