ఇరవై పద్యాల దూరం

విశ్వవిద్యాలయ ప్రాంగణం అని పత్రికలలో చదివినప్పుడల్లా నాలోని తెలుగు పండితుడు కొంచెం నొచ్చుకుంటాడు. ప్రాంగణమంటే ఇంటి ముంగిలి. మా కరీంనగరు పల్లెల్లో వాకిలి అంటాం. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ పిలిస్తే వినపడేటంత మేర అది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి మొదట కేటాయించిన భూమి సుమారు 1,600 ఎకరాలని చెప్తారు. చదరపు మైలుకు 640 ఎకరాలు కనుక అది రెండున్నర చదరపు మైళ్లు. నలుచదరంగా ఉన్నదనుకుంటే ఒక్కొక్క పక్క రెండున్నర కిలోమీటర్లు. ఏ ముసలమ్మ పిలుపూ అంత దూరం పోదు. ఆంగ్లేయులు లాటిను నుంచి తెచ్చుకున్న క్యాంపస్ అనే మాటకు అసలు అర్థం మైదానం. ఈ ఒక్క విషయంలో వారి మాటే నయమనిపిస్తుంది.

కట్టినవారికి మాత్రం అది మైదానమనే ఎరుక ఉన్నది. 1917లో ఫర్మానా వెలువడి, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తరగతులు నగరం నడుమనున్న భవనాలలోనే సాగాయి. తరువాత శాశ్వత నివాసానికి అడిక్‌మెట్ వైపు భూములు ఎంచుకున్నారు. ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందాకు జాగీరుగా ఉండిన చోటు అది. ఆమె పేరుతో చెప్పుకునే మెట్లబావి పక్కనున్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో నేటికీ ఉన్నది. (ఇన్ని చదువుల కింద ఒక కవయిత్రి జాగీరు ఉండడం నావంటివానికి పరమ సంతోషం.) నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని ప్రభుత్వం పంపింది. బెల్జియం దేశీయుడు ఎర్నెస్ట్ జాస్పర్ వాస్తుశిల్పిగా వచ్చాడు. 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల ప్రారంభోత్సవం జరిగాయి. ఆ రాతి భవనాన్ని వర్ణించినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు కనుక నేను దాని జోలికి పోను. నా ధ్యాస దాని ముందున్న ఖాళీ మీద. అంత పెద్ద కట్టడాన్ని కంటినిండా చూడాలంటే వెనక్కి నడవాలి, అందుకు చోటు ఉండాలి. ఆ చోటు వదిలిన చెయ్యి దొడ్డది. అయితే కంటికి కావలసిన దూరం వేరు, కాలు ఓర్చుకోగల దూరం వేరు.

నేను అక్కడ ఎం.ఏ. తెలుగు చదివింది 1980–82లో. కరీంనగరు బస్సు దిగి రేకుపెట్టె భుజాన వేసుకొని వచ్చినవాణ్ణి. నా గదిలోని మిత్రుడు ఆదిలాబాదు జిల్లావాడు, కాగజ్‌నగరులో రైలెక్కి సికింద్రాబాదులో దిగేవాడు. ఇద్దరికీ సైకిలు లేదు. వసతిగృహం నుంచి ఆర్ట్స్ కళాశాల మెట్లదాకా పద్యాలు చదువుకుంటూ నడిచేవాళ్లం. పోతన భాగవతం ఒకరోజు, నన్నయ ఆదిపర్వం ఒకరోజు. కొంతకాలానికి దూరాన్ని పద్యాలతోనే కొలవడం అలవాటైంది. కళాశాల ఇరవై పద్యాల దూరం. సీసమైతే రెండింటి కింద లెక్క, కందానికి అర్ధమే. ఎవరికైనా మూడో పాదం గుర్తు రాకపోతే ఇద్దరమూ నిలబడిపోయేవాళ్లం, అది తట్టినదాకా అడుగు పడేది కాదు. వెనక వచ్చేవాళ్లు పక్కనుంచి తప్పుకొని పోయేవారు. బాట నడుమ ఇద్దరు మనుషులు నిలబడి ఒక పదం కోసం వెతుక్కోవచ్చుననేది ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచలేదు. మా జిల్లా హనుమాజీపేట నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి గారు ఈ బాటల మీదనే మొదట విద్యార్థిగా, తరువాత ఆచార్యులుగా నడిచారని తలచుకుంటే మా నడకకు మరికొంత ఠీవి వచ్చేది.

పద్యానికి అర నిమిషం చొప్పున ఇరవై పద్యాలంటే పది నిమిషాలు. తాపీగా నడిచే మనిషి ఆ వ్యవధిలో ముప్పాతిక కిలోమీటరు పోగలడు. ఏ విశ్వవిద్యాలయానికైనా ఇదే కొలబద్ద కావాలని నా అభిప్రాయం. పడక, భోజనం, తరగతి, పుస్తకం ఈ నాలుగూ ఆ పది నిమిషాల వలయంలో ఉంటే వెనక వేయి ఎకరాల అడవి ఉన్నా చింత లేదు. లేకపోతే విద్యార్థికి మిగిలేది దూరమే. 2009 చివరి నెలలలో తెలంగాణ ఉద్యమానికి ఆర్ట్స్ కళాశాల ముంగిలి కేంద్రమైనప్పుడు అంతమంది అంత త్వరగా ఎట్లా గుమిగూడారని కొందరు ఆశ్చర్యపడ్డారు. వసతిగృహాలు నడక దూరంలో ఉండడం కూడా అందుకొక కారణమని నేననుకుంటాను.

తరువాతి దశాబ్దాలలో వచ్చిన భవనాలకు ఆ లెక్క పట్టలేదు. ఖాళీ నేల కనబడితే అక్కడ ఒక కట్టడం. చేతిలో స్కూటరు తాళం ఉన్నవాడికి ఇదేమీ బాధ కాదు. ఒక దరఖాస్తు మీద సంతకానికి ఇక్కడ, రుసుము కట్టడానికి అక్కడ, ముద్ర కోసం మళ్లీ ఇక్కడ తిరగవలసిన పేదపిల్లకే ఎకరాల బరువు తెలుస్తుంది. ఆచార్యుల కారుకు, పల్లె నుంచి వచ్చిన పిల్లవాని చెప్పులకు ఒకే పటం గీసి ఇస్తారు. పటంలో ఆ రెండు దూరాలూ సమానంగానే కనిపిస్తాయి.

ఇక నగరం. జాస్పర్ నాటికి అది అక్కడిదాకా రాలేదు. నేడు తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, అంబర్‌పేట నాలుగు వైపులా చుట్టుకొని ఉన్నాయి. ఆవరణలోని బాటలు ఊరివారి అడ్డతొవ్వలైనాయి. తార్నాక నుంచి విద్యానగరుకు పోయే వాహనానికి కుడి ఎడమల ఉన్నది చదువు అని గుర్తుండదు. ఊరివారిని పూర్తిగా తప్పు పట్టలేను. అంత పెద్ద నేల నగరం నడుమ అడ్డంగా పడి ఉంటే చుట్టి పొమ్మనడం కూడా కష్టమే. ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా అని రెండు రైలు స్టేషన్లు విశ్వవిద్యాలయం పేరు మీదనే ఉన్నవి. రైలు దిగి నడిచి వచ్చే విద్యార్థిని ఊహించుకొనే పెట్టిన పేర్లు కావచ్చు. ఆ విద్యార్థి ఇప్పటికీ వస్తున్నాడు, కాకపోతే హారన్ల మధ్య ఓరగా వస్తున్నాడు. ఈ మధ్య వెళ్లినప్పుడు పాత దూరాన్ని మళ్లీ కొలవబోయాను. ఏడో పద్యం దగ్గర లెక్క తప్పింది. మోకాళ్ల వల్లనే అనుకోకండి.

నీడ మాట చెప్పకపోతే ఇది మా ప్రాంతపు వ్యాసం కాదు. ఆదిలాబాదు వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. అక్కడ పది నిమిషాల నడకంటే పది నిమిషాల నీడ అని అర్థం. బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదో తరగతి ముగించుకొని వచ్చిన పల్లె పిల్లలు ఆరేండ్లు చదువుతారు. అప్పటి ఆదిలాబాదు, 2016 తరువాత నిర్మల్ జిల్లా. తరగతి, వసతి, భోజనం అన్నీ ఒకే ఆవరణలో. పదిహేను పదహారేండ్ల పిల్లవాడు ఆ ఆరేండ్లలో వేసే అడుగులన్నీ ఇంచుమించు అక్కడే పడతాయి. అమెరికాలో జెఫర్సన్ రెండు వందల ఏండ్ల కిందట వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని గీసినప్పుడు పచ్చిక చుట్టూ స్తంభాల వసారాలు పెట్టాడు, ఎండావానలు తగలకుండా నడవడానికి. మనకు అంత ఖర్చు అక్కరలేదు. కానుగ, వేప, చింత చాలు. శంకుస్థాపనకు ముందే మొక్కలు నాటితే భవనం పూర్తయ్యేనాటికి నడుము ఎత్తన్నా పెరుగుతాయి. మా కరీంనగరులోని శాతవాహన విశ్వవిద్యాలయానికి కూడా వయస్సు ఇంకా తక్కువే, అదీ 2008లో పుట్టినదే. తప్పులు చేయకముందే ఆలోచించుకొనే అవకాశం దానికి ఉన్నది.

ఏ ఆవరణలోనైనా గీసిన బాటలు కొన్ని, నడిచిన తొవ్వలు కొన్ని. తొవ్వ అనే మాటను నేను పాఠాలు చెప్పిన రోజుల్లో మాండలికమని పక్కన పెట్టేవారు. నాకు మాత్రం బాటకు, తొవ్వకు అర్థభేదం ఉన్నట్టు తోస్తుంది. బాటను వేస్తారు, తొవ్వ పడుతుంది. రెండు భవనాల నడుమ గడ్డి చచ్చి, మట్టి గట్టిపడి కనిపించే సన్నని గీత ఒక్కటి చాలు, పటం గీసినవారికి తెలియనిది చెప్పడానికి. దానికి అడ్డంగా కంచె వేయడం కంటే దాని మీద నాలుగు బండలు పరచి, ఒక దీపం పెట్టడం చవక.

దీపం అన్నందుకు ఒక కారణమున్నది. నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేస్తున్నది. పేర్లు అనవసరం. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు చదువు ఎట్లా సాగుతున్నదని అడిగాను. గ్రంథాలయం బాగున్నది, కావలసిన పుస్తకాలన్నీ దొరుకుతున్నవి అన్నది. ఎంతసేపు కూర్చుంటావమ్మా అన్నాను.

"ఎనిమిది దాకా తెరిచే ఉంటది సార్. నేను అయిదున్నరకే లేచి వస్తా. హాస్టలు దాకా నడుమల ఇరవై నిమిషాల తొవ్వ, దీపాలు ఉండవు. నలుగురం కలిసిన రోజు ఏడు దాకా ఉంటం."

ఎన్ని రోజులు నలుగురు కలుస్తారని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి, నెలకు అయిదారు అన్నది.