రెండు మిల్లీమీటర్ల మహత్తు

కమాను కట్టల్లో ఇంత కథ ఉందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేమిటి! పుట్టి పెరిగింది కోయంబత్తూరులో. పొల్లాచ్చి నుంచి కొబ్బరికాయలు మోసుకొచ్చే పికప్పుల వెనకాలే ఏళ్ల తరబడి స్కూటరు నడిపినవాణ్ణి. చక్రాల దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీలను ఏనాడైనా వంగి చూశానా?

మా పెదనాన్న కొడుకు తన పికప్పు తొట్టిలోకి ఓ గదినే దించాడు. మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, అన్నీ ఒకే పెట్టెలో. అక్కర తీరాక దించి పక్కన పెట్టుకోవచ్చు. అమెరికాలో స్లైడ్ ఇన్ క్యాంపర్ అంటారట. ఎక్కించగానే బండి వెనక్కి కూలబడింది, హెడ్‌లైట్లు చెట్ల చిటారు కొమ్మల మీద పడ్డాయి. ఇద్దరం కమాన్ల షాపుకు పరుగెత్తాం.

మేస్త్రి మన తెలుగాయనే. ఇంకో పట్టీ వేసెయ్యమన్నాడు అన్న. "ఆగప్పా, మందమెంతో చూడనీ" అని ఆయన కొలత తీశాడు. ఆ తర్వాత చెప్పిన లెక్కకు నాకు మతిపోయింది. అయిదు సమానమైన పట్టీలున్న కట్టకు అలాంటిదే ఇంకొకటి చేరిస్తే బిగువు అయిదో వంతు పెరుగుతుంది. పట్టీలన్నిటి మందాన్నీ 8 మిల్లీమీటర్ల నుంచి 10కి పెంచితే? దాదాపు రెట్టింపు! మందం లెక్క ఘనంలో నడుస్తుంది మరి. వెడల్పుకు ఆ వైభోగం లేదు.

పట్టీ చేయడమూ చూశాను. కొలిమిలోంచి ఎర్రగా తీసి, వంపు తిప్పి, నూనెలో ముంచారు. చుయ్యిమంటూ షాపంతా పొగ. అక్కడితో అయిపోలేదు, తక్కువ వేడిలో మళ్లీ కాల్చాలి. లేదంటే పెళుసెక్కి మొదటి గుంతలోనే విరుగుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది హెల్పర్ కట్ట. అసలు కట్ట మీద ఊరికే కూర్చుంటుంది. బరువుకు బండి దిగేకొద్దీ దాని రెండు కొసలూ ఛాసీకున్న దిమ్మలకు తగిలి, అప్పుడు మోయడం మొదలుపెడుతుంది. ఖాళీ బండి కుదపకుండా, లోడు బండి కుంగకుండా! అయితే కొబ్బరికాయలు సాయంత్రానికి దిగిపోతాయి, గది రోజుల తరబడి దిగదు. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు, అదీ మావాడి గదిలో ఒక పక్కనే. అందుకే ఇరుసుకూ ఛాసీకీ మధ్య పెట్టే రబ్బరు గాలి సంచులు. బరువున్న పక్క కాస్త ఎక్కువ గాలి కొట్టి బండిని సమంగా నిలబెట్టొచ్చు.

ఈ ఊరికి బండ్ల పిచ్చి కొత్తేం కాదు. కలంగల్‌లో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు 1920లోనే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. 1910లో కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని కరివర్ధన్ మారుతీ ఇంజన్లతో రేసు కార్లే కట్టాడు. చెట్టిపాళయం రేసు ట్రాకుది ఆయన పేరే. ఆయన బండిని నేలకు హత్తుకునేలా దించితే, మావాడు బండి మీద మేడ కడుతున్నాడు.

మేడ అంటే ఊగుడు. ఆలియారు నుంచి వాల్పారైకి 40 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ కట్టలు ఎంత బిగువైనా చాలదు, అడ్డంగా పట్టుకునే యాంటీ రోల్ బార్ కావాలి. బిగువు పెరిగితే ఎగురుడూ పెరుగుతుంది గనక షాక్ అబ్జార్బర్లు కూడా మార్చాలి.

ఇంత చేసినా బండి మోయదగిన బరువు కిలో కూడా పెరగదట! ఇరుసు అదే, టైర్లు అవే, బ్రేకులు అవే. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. అన్న మొహం వాడిపోయింది. నాకు మాత్రం హుషారు తగ్గలేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, మంచం మీద పరుపు వేసి, ముందు ఇరుసూ వెనక ఇరుసూ విడివిడిగా కాటాకెక్కిద్దామన్నాను. వెనక ఇరుసు లెక్క తేలేదాకా ఫ్రిజ్ మాటెత్తొద్దన్నాను. అప్పటి నుంచీ అన్న నాతో మాట్లాడటం లేదు.