కాళ్లు కట్టుకుని అరకు యాత్ర

అరకు లోయకు రైల్లో వెళ్లినవాళ్లున్నారు, కార్లో వెళ్లినవాళ్లున్నారు. సైకిలు మీద, అందులోనూ కాళ్లు పెడళ్లకు బిగించుకుని వెళ్లిన బుద్ధిమంతుల్లో నేనొకణ్ణి.

బయల్దేరేముందు మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. "యాభై దాటిన మనిషి. పడ్డారని తెలిసిందో, సైకిలు అటకెక్కవలసిందే!"

సరేనన్నాను. అనక చేసేదేముంది?

కాళ్లు బిగించుకోవడమన్నది మా మేనల్లుడి సలహా. ఆ బూటు అడుగున చిన్న బిళ్ల ఉంటుంది. తొక్కగానే పెడలు దాన్ని 'టక్'మని పట్టుకుంటుంది. మడమ పక్కకు తిప్పితే వదుల్తుంది. దీన్ని 'క్లిప్‌లెస్' పెడలంటారు. నేతిబీరకాయలో నెయ్యెంతో ఈ పేరులో నిజమంత అనుకున్నాను. కాని కథ వేరు. పూర్వం పందెగాళ్లు పెడలుకు ఇనప గూడు, తోలుపట్టీ తగిలించి పాదం బిగించుకునేవారు. ఆ గూడే క్లిప్పు. మంచు మీద జారే స్కీలకు బిగింపులు చేసే లుక్ అనే ఫ్రెంచి కంపెనీ 1984లో గూడు లేని ఈ ఏర్పాటు తెచ్చింది. మరుసటేడు బెర్నార్ ఇనో వాటితో తొక్కి టూర్ డి ఫ్రాన్స్ గెలిచేడు. ఇక లోకం నమ్మక ఏం చేస్తుంది?

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పుష్యమాసపు చీకట్లో బయల్దేరేము. పెందుర్తి, కొత్తవలస దాటేదాకా దారి చదునే. కాలు జారదు, పాదం వెతుక్కోనక్కర్లేదు. సైకిలూ నేనూ ఒకే ప్రాణమైనట్టుంది. 'ఇన్నాళ్లూ ఈ సుఖం తెలియలేదే!' అనుకున్నాను.

శృంగవరపుకోట కూడలిలో మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు వేసేను. సైకిలాగింది. అలవాటుకొద్దీ కాలు కిందికి దించబోయేను. కాలు రాలేదు! మడమ తిప్పాలన్న సంగతి గుర్తొచ్చేసరికి నరికిన అరటిచెట్టులా పక్కకు వాలిపోయేను. వెనకనుంచి లారీ బ్రేకు చప్పుడు. కళ్లు తెరిచి చూస్తే, దాని చక్రం నా తలకు రెండు బారల దూరంలో ఆగి ఉంది.

టీ దుకాణం ముసలమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను లేవదీసింది. "కాళ్లు కట్టేసుకుని బండెక్కడమేటి బాబూ?"

దానికి జవాబు నా దగ్గర లేదు. మోచెయ్యి చర్మం లేచిపోయింది. మేనల్లుడి మొహం పాలిపోయింది. పెడలుకున్న చిన్న మర బాగా వదులు చేసేడు. అలా చేస్తే బూటు సులువుగా ఊడివస్తుంది. "ఇది ముందే చెయ్యాల్సింది మావయ్యా, తప్పు నాదే," అన్నాడు.

ఘాట్‌రోడ్డు మొదలైంది. వంపు తరవాత వంపు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు, వాటి నీడన ఎర్రగా పండిన కాఫీ కాయలు. ఎక్కుడులో బిగింపు హాయిగానే ఉంది. ఐతే కాలితో పెడలు పైకి లాగడంవల్ల బలం ఎంతో కలిసొస్తుందన్నమాట అతిశయోక్తి. మామూలు సవారీలో పనంతా కిందికి తొక్కే కాలిదే. బిళ్ల వంకరగా బిగిస్తే మాత్రం మోకాలు పట్టుకుంటుంది, అదీ తెలుసుకోవాలి.

బొర్రా వైపు మళ్లేము. గోస్తనీ నది సున్నపురాతిని తొలిచి చేసిన గుహలవి. తడిమెట్లు. మేనల్లుడివి పందెపు బూట్లు. వాటి బిళ్ల పెద్దది, బయటికి పొడుచుకొని ఉంటుంది. బాతులా నాలుగడుగులు వేసి, రెండుసార్లు జారి, చివరికి బూట్లు చేత పట్టుకున్నాడు. నా బూటు బిళ్ల అట్టలోపలికి ఒదిగి ఉంటుంది కనక మనిషిలాగే నడిచేను. "శివలింగం ఉన్నచోట చెప్పులు విప్పడం పుణ్యంలేరా," అని ఓదార్చేను.

అనంతగిరి దగ్గర ఒక కుర్రాడు వెనక మూట కట్టుకుని, మామూలు సైకిలు మీద, హవాయి చెప్పులతో దిగుతున్నాడు. మలుపులో కుక్క అడ్డొచ్చింది. చటుక్కున కాలు నేలకానించి, నవ్వుకుంటూ సాగిపోయేడు. నేను కూడలిలో చెయ్యలేకపోయినది అదే.

అప్పుడు బోధపడింది. బజారుకు, బడికి, రద్దీ వీధులకు చదును పెడలే మేలు. రాళ్లదారిలో కొండ దిగేవాళ్లకు కూడా చిన్న మేకులున్న వెడల్పాటి పెడలు, రబ్బరట్ట బూటూ ధైర్యమిస్తాయి. కాలు ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చు. అడ్డూ ఆపూ లేని దూరపు రోడ్లకు బిగింపు పెడలు. ముందు పచ్చికబయల్లో, గోడ పట్టుకుని, మడమ తిప్పడం వందసార్లు నేర్చుకున్నాకే సుమండీ!

ఇంటికొచ్చేను. ఎండలేని రోజున కూడా పొడుగుచేతుల చొక్కా వేసుకోవడం చూసి మా ఆవిడ గుట్టు పసిగట్టేసింది. లారీ సంగతితో సహా చెప్పేసేను. చాలాసేపు మాట్లాడలేదు. కొబ్బరినూనె తెచ్చి మోచేతికి రాసింది.

"సైకిలు ఉండనివ్వండి. ఆ కాళ్లకట్లు అటకెక్కాలి," అంది చివరికి.

మధ్యేమార్గంగా మేనల్లుడు కొత్త పెడళ్లు తెచ్చేడు. ఒకవైపు చదును, రెండోవైపు బిగింపు. ఒకవైపు మా ఆవిడ మాట, ఒకవైపు మేనల్లుడి మాట. ఊరు దాటేక మేనల్లుడి వైపు తొక్కుతున్నాను. కూడలి కనబడితే మాత్రం మా ఆవిడ వైపే!